ఏ తీరమున దిగుదము?

మార్గశిరము ముగిసి పుష్యము ప్రవేశించి, సంక్రాంతి సెలవుల లెక్కలు ఇంటింట మొదలగు దినములలో, హైదరాబాదునుండియు, బెజవాడనుండియు, ఒక్కొక్కప్పుడు డల్లాసునుండియు బంధుమిత్రులు విశాఖపట్టణమందలి మావంటి వారిని అడుగు ప్రశ్న ఒకటి కలదు: "మీ ఊళ్లో మంచి బీచ్ ఏది?" ప్రశ్న చిన్నది. రామకృష్ణా బీచి యనియో, ఋషికొండ యనియో, భీమిలి యనియో ఒక పేరు చెప్పి ఊరకుండుటయు సులభమే. అడిగినవారు సంతోషింతురు, చెప్పినవారికి శ్రమ తప్పును. కాని ఉదయసాయంకాలములయందు ఈ ఇసుకపై నడచుట చిరకాలముగా అలవాటైన వానికి అంత తేలికగా నోరు మెదలదు. ఏలయనగా, ఏ తీరము మంచిదను ప్రశ్నకు ముందు, ఏ పనికి, ఏ నెలలో, ఏ వేళకు, ఎవరిని వెంటబెట్టుకొని అను నాలుగు ప్రశ్నలు నిలిచియున్నవి. ఆ నాలుగింటికిని బదులు దొరకిన పిమ్మట మొదటి ప్రశ్న సగము తీరినట్లే.

ఈ విషయమున నగరతీరమునకు గల సౌకర్యము దూరద్వీపములందలి విహారస్థలములకు లేదు. ఎక్కడో ఒక దీవిలో విడిది కుదుర్చుకొని, విమానమునకును బసకును వేలకు వేలు వెచ్చించి పోయినవాడు, ఆనాడు సముద్రము ఎంత కల్లోలముగా నున్నను, ఇంత దూరము వచ్చి దిగకపోవుటయా యని ఆ నీటిలోనే దిగుటకు ఉబలాటపడును. విశాఖలో అట్టి నిర్బంధము లేదు. రామకృష్ణ మిషను ఆశ్రమము ఎదుటి బీచి రోడ్డును పట్టుకొని ఉత్తరముగా పోయినచో, అది కైలాసగిరి పాదమును ఒరసికొనుచు, ఋషికొండను, మంగమారిపేటను దాటి, గోస్తనీనది సముద్రమున కలియు భీమునిపట్టణము వరకు ఇంచుమించు తీరమును విడువకయే సాగును; ఆ దారిలో మలుపు మలుపునకు వేరువేరు స్వభావములుగల తీరములు ఎదురగును. ఒకటి నచ్చనిచో మరియొకటి. అదియు అనుకూలింపనిచో గట్టుపై కూర్చుండి మురీ మిక్చరు తిని ఇంటికి పోవచ్చును. వలదనుకొనగల ఈ స్వేచ్ఛయే నగరతీరమునందలి మొదటి గుణమని నా మతము. తీరమును ఎంచుకొను నేర్పంతయు ఆ స్వేచ్ఛను వినియోగించుకొనుటలోనే ఉన్నది.

ఎంపిక కన్నులతో మొదలై పాదములతో ముగియవలెను. వంకాయలు కొనువాడు రంగు చూచి మురిసి ఊరకొనడు, ఒకటి రెండు నొక్కి చూచును. ఇసుక విషయమునను అట్టి పరీక్ష కలదు. అల వచ్చి వెనుదీయు రేఖయొద్ద నిలిచి, ఇసుకను గుప్పెట తీసి వ్రేళ్ల నడుమ రాచి చూడుడు. రేణువులు సన్నగా, మెత్తగా నున్నచో ఆ తీరము సాధారణముగా చదునై, విశాలమై, మెల్లమెల్లగా లోతగుచు పోవును. అట్టిచోట అల దూరముననే విరిగి, నురుగై, బలము కోల్పోయి కాళ్లయొద్దకు చేరును. రేణువులు ముతకలై గరగరలాడుచున్నచో ఒడ్డు ఏటవాలు ఎక్కువగా నుండును. అల ఒడ్డుదాక తలయెత్తి వచ్చి ఒక్కమారుగా మీదబడి విరుగును. మరలిపోవు నీరు మడమల క్రింది ఇసుకను తోడివేయును. రెండు మూడు అలలు పోవునంతలో నిలిచినచోటనే చీలమండలదాక దిగబడితిమేని, అక్కడ చిన్నపిల్లలను నీటికి విడువరాదు. ఈ పరీక్షకు పట్టునది ఒక్క నిమిషము. కాని కారు దిగినది మొదలు సెల్‌ఫోనుతో ఛాయాచిత్రములు తీసికొనుటలో మునిగినవారికి ఆ నిమిషమే దొరకదు.

కన్నులు చేయవలసిన పని వేరొకటి కలదు. జోడుగుళ్లపాలెమున వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధ మత్స్యకారుని నేనొక పర్యాయము, "తాతా, ఇవాళ ఎక్కడ దిగితే మంచిది?" అని అడిగితిని. అతడు వలనుండి తల యెత్తకయే, "మీరెక్కడ దిగుతారో నాకు తెల్దు గానీ బాబూ, అల్లదిగో, తెల్లగా ఇరక్కుండా నల్లగా, నెమ్మదిగా కనపడతంది సూడండి, ఆ సందులోన మాత్రం దిగీకండి. లాగీసుద్ది" అనెను.

ఆ మాటలలో సముద్రశాస్త్రమునందలి ఒక అధ్యాయము ఇమిడియున్నది. అలలు ఒడ్డునకు మోసికొనివచ్చిన నీరు తిరిగి పోవుటకు దారి వెదకికొనును. నీటిలోపలి ఇసుకతిన్నెల నడుమ లోతైన సందు దొరకినచోట అది యంతయు ఒక ఇరుకైన ప్రవాహమై వేగముగా లోనికి మరలును. అచ్చట లోతు హెచ్చగుటచే అల విరుగదు, నురుగు పుట్టదు. అందుచేత క్రొత్తవానికి అదియే ప్రశాంతమైన స్నానఘట్టముగా తోచును. ఆ ప్రవాహమున చిక్కినవాడు భయముచే ఒడ్డువైపునకే ఎదురీది, అలసి, శక్తి చాలక మునుగుచున్నాడు. ఒడ్డునకు సమాంతరముగా కొంతదూరము ఈది, ప్రవాహపు పట్టు వదలిన పిదప అలలతోకూడ బయటికి రావలసియున్నది. ఈత అంతగా రానివాడు పెనుగులాడక తేలుచు, చేయెత్తి పిలువవలెను. విహారమునకు వచ్చిన విద్యార్థులు ఈ తీరమున గల్లంతైరన్న వార్త పత్రికలో కనబడినపుడెల్ల, ఆ వృద్ధుడు చెప్పినపాటి మాట వారికి చెప్పు పెద్దదిక్కు ఆవేళ ఒడ్డున లేకపోయెనుగదా యనిపించును.

ఇక పేర్ల విషయము. రామకృష్ణా బీచి చూచుటకును, నడచుటకును, జనమును చూచుటకును మేలైనది. వేకువజామున రోడ్డుపై వాహనములను నిలిపివేయుదురు. ఆ వేళ నడుమునొప్పుల పెద్దలును, పరుగుపందెముల కుర్రవారును ఒక్క దారిని పంచుకొందురు. 1969లో నౌకాదళమున చేరి 2001లో విరమించిన కురుసుర జలాంతర్గామి, 2002 నుండి ఇక్కడి ఇసుకపైననే ప్రదర్శనశాలగా నిలిచియున్నది. దానికెదురుగా 2017లో టీయూ-142 గస్తీ విమానమును నిలిపిరి. ఆ జలాంతర్గామి ఇరుకుగర్భమున తల వంచుకొని, గొట్టముల నడుమ, అరల పడకల ప్రక్కగా నడచి వెలుపలికి వచ్చిన బాలునికి సముద్రము ఒక్కసారిగా మునుపటికన్న పెద్దదిగా కనబడును. దిగుటకు మాత్రము ఈ తీరమును నేను సిఫారసు చేయను. ఒడ్డు ఏటవాలు, అల పొగరుబోతు. తెన్నేటి పార్కు దిగువన రాళ్లే రాళ్లు. 2020 అక్టోబరు వాయుగుండపు గాలులకు బంగ్లాదేశపు సరకు ఓడ ఎం.వి. మా లంగరు నిలువక వచ్చి చిక్కుకొన్నది అచ్చటనే. అంతటి ఇనుపకాయమును ఈడ్చివేసిన చోట బండలపై నిలిచి ఫొటోలకు ముఖమిచ్చువారిని చూచిన నాకు గుండె దడదడలాడును.

స్నానమే కోరువారికి ఋషికొండ తగినది. 2020లో మన దేశమున మొట్టమొదట బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది తీరములలో ఇది యొకటి. పూరీ గోల్డెన్ బీచియు, అండమానులందలి రాధానగరును దీనితోడివే. డెన్మార్కులో కేంద్రము గల ఒక పర్యావరణ విద్యాసంస్థ నీటి శుభ్రత, భద్రత, మరుగుదొడ్లు మొదలగు ముప్పదిమూడు ప్రమాణములను పరిశీలించి ఈ పతాకమునిచ్చును. ఇందు సామాన్యయాత్రికుడు గమనింపవలసినవి రెండు కలవు. పతాకము తీరము పొడవంతటికిని గాక, హద్దులేర్పరచిన భాగమునకే చెందును. ఆ హద్దు దాటిన వెంటనే సముద్రము ఎప్పటి సముద్రమే. రెండవది, ఆ గౌరవము శాశ్వతము కాదు, ఏటేట తిరిగి సంపాదించుకొనవలసినది. కనుక జెండాను చూచి మైమరచుటకన్న, ఆనాడు రక్షకులు తమ స్థానమున ఉన్నారా, ఈదుటకు కట్టిన హద్దు ఎక్కడ ముగియుచున్నది యని చూచుకొనుట వివేకము.

మంగమారిపేటయొద్ద పాటు వేళ కాలినడకన చేరదగిన సహజశిలాతోరణము కలదు. దాని పైభాగమున తొట్లకొండ. 1976లో నౌకాదళమువారి విమానసర్వేక్షణమున బయల్పడి, 1988 నుండి 1992 వరకు త్రవ్వకములు జరిగిన ఆ బౌద్ధారామమున భిక్షువులు బండలలో తొట్లు తొలిపించి వాననీటిని నిలువజేసికొనిరి. తీరమును ఎంచుకొనుటలో వారు మనకు పూర్వాచార్యులు. సముద్రము నిత్యము కన్నులయెదుట నుండవలెను, దాని తాకిడి మాత్రము ఇంటిదాక రాకూడదు అన్నట్లు కొండనెత్తమును పట్టిరి. వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వచ్చువారికి నేను మొదట చెప్పునది ఈ కొండయే. దారిలో ఎర్రమట్టి దిబ్బలును, చివరకు భీమిలియు. డచ్చివారి సమాధులు, దీపస్తంభము, 1861లోనే పురపాలకసంఘము ఏర్పడిన ఆ పాతపట్టణమున తీరము నెమ్మదైనదని పేరు. కాని గోస్తని కలియుచోటికి దగ్గరగా దిగరాదు, నదీముఖమున ఇసుకయు, లోతును, ప్రవాహమును తరచు మారుచుండును.

దక్షిణమున డాల్ఫిన్స్ నోస్ కొండకు ఆవలనున్న యారాడ యొక్కటే ఈ దారిలో చేరనిది. మూడువైపుల కొండలు, నాలుగవవైపున సముద్రము, నడుమ కొబ్బరితోటలు. ఘాటురోడ్డు దిగునపుడు పైనుండి కనబడు ఆ వంపును మించిన దృశ్యము ఈ పరిసరములలో లేదు. అందము హెచ్చు, అల ఉగ్రము, అంతకుమించి ఆపదలో ఆదుకొనుటకు పట్టణము దూరము. అక్కడకు పోయి తోటనీడన కూర్చుండుట ఉత్తమము.

స్థలము కుదిరిన పిమ్మట వేళ కుదరవలెను. మనది తూర్పుతీరము, సూర్యుడు నీటినుండి లేచి కొండల వెనుక క్రుంకును. అందుచేత ఉదయపుటెండ ముఖముమీదను, సాయంకాలపుటెండ వీపుమీదను పడును. నాలుగు గంటలు దాటిన పిదప ఇసుకమీదికి భవనముల నీడలును, కొండల నీడలును సాగును. ప్రొద్దెక్కిన పిదప సముద్రపుగాలి వీచుటచే ఎండ తెలియదు. ఇంటికి పోయి చొక్కా విప్పినపుడు భుజములు ఆ సంగతిని చెప్పును. మాసములలో డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు సుఖము. అక్టోబరు, నవంబరులు తుపానుల కాలము; 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరముమీదనే తీరము దాటినదని ఇక్కడి చెట్లు నేటికిని చెప్పగలవు. పోటుపాటులు దినమునకు రెండేసిమారులు వచ్చుచు, ప్రతిదినము ఇంచుమించు ఏబది నిమిషములు వెనుకబడును, అమావాస్యాపూర్ణిమలకు హెచ్చును. మాఘపూర్ణిమయందు సముద్రస్నానము పుణ్యమని మన పెద్దలు చెప్పిరి. ఆనాడు పోటు బలమైనదని కూడ గుర్తెరిగి, మోకాలిలోతున మునిగినను పుణ్యము తరుగదని నా విశ్వాసము. అలల ఎత్తు, ఉప్పెనల సూచన తెలుపు ఇన్‌కాయిస్ సంస్థ, సముద్రమే లేని హైదరాబాదులో నున్నది. కావున అక్కడి బంధువులు రైలెక్కుటకు ముందే ఆ సూచనలు చూచుకొని రావచ్చును.

ఇంకొక సంగతి. నేడు మంచిదన్న తీరము మూడేండ్లకు అట్లే యుండునని చెప్పరాదు. నైరృతి ఋతుపవనకాలమున అలలు ఏటవాలుగా వచ్చి తాకుటచే ఇసుక తీరము వెంబడి ఉత్తరముగా ప్రయాణము చేయును. చలికాలమున కొంత వెనుకకు వచ్చును. 1933లో ప్రారంభమైన ఓడరేవు కట్టడములు ఆ ప్రయాణమునకు అడ్డుపడినవి. పాత ఓడలు రెండింటిని ముంచి అడ్డుకట్ట కట్టి, దానిమాటున చేరిన ఇసుకను తోడి ఉత్తరతీరమునకు పోయుట ఆనాటినుండియు వచ్చుచున్న ఏర్పాటు. మనము రామకృష్ణా బీచిలో త్రొక్కు ఇసుకలో కొంత యంత్రములు మోసికొనివచ్చినదే. ఆ పోత తగ్గిన ఏడు ఒడ్డు కోసికొనిపోవును, మెట్లు ఒరిగిపోవును, నిరుడు ఆడుకొనిన చదును ఈయేడు గట్టుగా మారును. అందుచేతనే తీరములకు వరుసలు పెట్టి చదువు జాబితాలమీద నాకు గురి లేదు. నిరుటి అనుభవముమీద కూడ లేదు. ప్రతి పర్యాయము ఆ ఒక్క నిమిషపు పరీక్ష మొదటినుండి చేయవలసినదే.

ఆ ఇసుక మనయొక్కరిది కాదని కూడ మరువరాదు. తెప్పలు లాగుచోట, వలలు ఆరవేయుచోట దుప్పట్లు పరచి కూర్చుండుట మర్యాద కాదు. జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు రాత్రులందు ఒడ్డెక్కును గనుక ఆ వేళ దీపములతో సందడి చేయరాదు.

కావున నన్నడిగిన బంధువులకు నేనిచ్చు సమాధానము ఇట్లుండును: దినమునకు రెండు తీరములు పెట్టుకొనుడు, ఒకటి దిగుటకు, ఒకటి చూచుటకు. ప్రొద్దుటనే ఋషికొండ హద్దులలోపల, రక్షకుని కన్నులయెదుట, నడుములోతు మించక స్నానము; ఎండ ముదురక మునుపే ఇంటికి చేరి భోజనము, నిద్ర; సాయంకాలము రామకృష్ణా బీచిలో నడక. ఆ ఉదయమున ఇసుకయో, అలయో, రక్షకుడో వలదన్నచో మారుమాటాడక కారు త్రిప్పుడు. పిల్లలు అలుగుదురు, అలుగనిండు. కురుసుర లోపల త్రిప్పి, బయటికి రాగానే బొగ్గులమీద కాల్చిన మొక్కజొన్నపొత్తు చేతికిచ్చినచో ఆ అలుక పొత్తుతోపాటే పూర్తియగును. మరునాటి ఉదయమున మరల ఋషికొండకు పోయి చూడవచ్చును.