రోహిణి రెక్కలు

సునాబెడలో కాపురముండువానికి విమానమనగానే యింజను తలపునకు వచ్చును. మిగ్, సుఖోయ్ యుద్ధవిమానముల యింజనులను నిర్మించు హిందూస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారము 1960వ దశకము నుండియు ఈ కొరాపుట్ పీఠభూమికి అన్నము పెట్టుచున్నది. విశాఖ, శ్రీకాకుళ మండలముల నుండి కొండలెక్కి వచ్చి యిచట స్థిరపడిన తెలుగు కుటుంబములెన్నియో దాని ఉప్పు తినినవే. అట్టి యూరినుండియే, యింజను లేని విమానమును నడపు విద్య విమానవిద్యలన్నింటికిని తలమానికమని వ్రాయుచున్నాను. ఆర్ద్ర యను గ్లైడరును నిర్మించినది ఆ సంస్థ కాన్పూరు శాఖయే గనుక, ఇది పుట్టినింటిని విడిచి పొరుగింటిని పొగడుట కానేరదు.

ఈ విద్యకు ఆదిగురువు జర్మనీదేశీయుడగు ఓటో లిలియెంథాల్. ఆయన 1891 మొదలుకొని కర్రచట్రమునకు గుడ్డ బిగించిన రెక్కలు ధరించి, కొండవాలుల నుండి రెండువేల మారులకు పైగా ఎగిరి, 1896లో నేలగూలి ప్రాణములర్పించెను. మొదటి మహాయుద్ధానంతరము యింజను విమానములపై నిర్బంధము పడగా, ఆ దేశపు యువకులు వాసర్‌కుప్పె కొండకు చేరి, 1920 నుండి పోటీలు నడపి, గాలిని చదువ నేర్చిరి. మన దేశమున పౌరవిమానశాఖవారి సాంకేతికకేంద్రము తన గ్లైడరులకు నక్షత్రముల పేళ్ళు పెట్టినది: అశ్విని, కార్తీక్, రోహిణి, మృగశీర్ష, ఆర్ద్ర. వీనిలో ఎస్. రామామృతముగారు రూపకల్పన చేయగా 1961 మే నెలలో తొలిసారి గాలికెక్కిన రోహిణి నాకు ప్రాణము. కొయ్యతోను గుడ్డతోను చేసిన యా విమానమున గురుశిష్యులు ప్రక్కప్రక్కనే, భుజము భుజము రాసికొనుచు కూర్చుందురు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులునని మన రైతు వెఱచు నెండయే గ్లైడరునకు జీవనాధారము. ఆ పేరు పెట్టినవారికి నమస్కారము.

కొన్నేండ్ల క్రిందట, యౌవనమున ఎన్.సి.సి. వైమానిక విభాగములో గ్లైడరు నేర్చిన మేమైదుగురము, కొరాపుట్ నుండి ముగ్గురము, రాయగడ నుండి యిద్దరును, పుణె నగరమునందలి హడప్సరు గ్లైడింగ్ కేంద్రమునకు అతిథులమై పోతిమి. ఒక మైదానమువారు వేరొక మైదానమునకు చుట్టపుచూపుగ పోవుట ఈ విద్యలో ఆచారము. అతిథి యెంత అనుభవజ్ఞుడైనను, ముందు స్థానిక గురువు ప్రక్కన కూర్చుండి ఎగురవలెను. దీనిని అవమానముగ నెంచువానికి ఈ విద్య అబ్బదు. ఏ వేళ ఏ వాలున గాలి క్రిందికి లాగునో, ఏ పెంకుటిండ్ల వాడపై లేపునో, ఆ యూరివారికి దప్ప అన్యులకు తెలియదు. పుస్తకములందు దొరకని యా యెఱుకను వారు మొదటి గంటలోనే మన దోసిట పోయుదురు.

ఇక ఎగురు విధము. మైదానమున కొక చివర గ్లైడరు, కిలోమీటరు దూరమున రెండవ చివర వించి యంత్రము, నడుమ ఉక్కుతాడు. ఒకడు నేలవాలిన రెక్కకొనను ఎత్తి పట్టును. సంకేతమందగానే వించివాడు మొదట తాడు సడలును మెల్లగా లాగి, అది బిగిసిన పిమ్మట వేగము హెచ్చించును. రెక్క పట్టినవాడు నాలుగడుగులు పరుగిడునంతలో చక్రము నేల విడుచును. అంతట ముక్కెత్తి, గాలిపటమువలె నిటారుగా లేచి, అర నిమిషము దాటునప్పటికి మూడువందల మీటర్ల యెత్తున తాడు విడువవలెను. వేరొక విమానముచే లాగించుకొని యెగయు పద్ధతిని కొందరు మెచ్చుదురు, నేను మెచ్చను. గాలి విలువ వించి తాడుపై లేచినవానికే తెలియును, ఏలయన పైకి లేపు గాలి వెంటనే చిక్కనిచో నాలుగైదు నిమిషములలో మరల నేలమీదనే యుండును. హడప్సరు వించివాని నేర్పు నేనెన్నటికిని మరువజాలను. గాలి విసురు మారినప్పుడెల్ల, అతడు మీటరువంక చూడక, తాటి వంపునే కనిపెట్టి వేగము సరిదిద్దెను. మా సీటునకు ఒక్క కుదుపైనను తగులలేదు.

ఎండకు నేల కాగినచోట గాలి స్తంభమువలె లేచును. దానినే థర్మల్ అందురు. అది కంటికి కానరాదు. అద్దముపై అంటించిన ఊలుదారము విమానము ప్రక్కకు జారుటను తెలుపును. వేరియోమీటరు ముల్లు ఎక్కుచున్నామో దిగుచున్నామో తెలుపును, కాని ఆలసించి తెలుపును. అంతకుముందే ఒక రెక్క క్రింద ఎవరో తట్టినట్లగును. తట్టిన రెక్కవైపునకే తిరుగవలెను. నేర్చువాని చేయి మాత్రము రెండవవైపునకే పోవును. నాకు నడుము పట్టీలు బిగించుచు మా రాయగడ మాస్టారు చెప్పిన మాట ఇప్పటికిని చెవిలో నున్నది: "ముల్లు చూడకురా నాయనా, నీ కింద సీటు ఏటంటందో చూడు."

ఆ మధ్యాహ్నము స్థానిక గురువు చూపిన విద్యను ఏమని వర్ణింతును! రెండువందల యేబది మీటర్లకు జారి, దిగుటకు సిద్ధమగు వేళ, ఒక గ్రద్ద రెక్క కదపక సుడి తిరుగుట గాంచి, విమానమును దాని క్రిందికి మరలించెను. తిరుగలి పిడి పట్టిన యిల్లాలివలె రెండు వ్రేళ్ళతో విమానమును నడపు కర్రను పట్టుకొని, లేపు హెచ్చిన వైపునకు వృత్తమును కొంచెము కొంచెముగా జరుపుచు, పావుగంటలో వేయి మీటర్లు దాటించెను. గ్రద్ద మా రెక్కకొన దాపుననే తిరుగుచుండెను.

మహామహుల ఘనకార్యములకు పునాది ఇట్లు గాలిని చదువుటయే. 1929లో రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్ నూరు కిలోమీటర్ల హద్దు దాటెను. 1972లో హాన్స్ వెర్నర్ గ్రోసె ఒక్క పగటిలో లూబెక్ నుండి ఫ్రాన్సులోని బియారిట్జ్ వరకు 1,460 కిలోమీటర్లు పోయెను. 2003లో క్లౌస్ ఓల్మన్ ఆండీస్ పర్వతముల గాలితరగలపై 3,009 కిలోమీటర్లు సాగెను. 2018లో పెర్లాన్ 2 అను గ్లైడరు 76,000 అడుగులకు పైబడిన యెత్తు నందెను. ఆకాశమున తాడు విడిచినవానికి చుక్క పెట్రోలు లేదు. ఉన్నదెల్ల ఎండ, గాలి, మనుష్యుని మెలకువ.

ఇట్టి విద్య మన దేశమున కన్నుల యెదుటనే కృశించుచున్నది. ఎన్.సి.సి.లో గ్లైడరుల పీటపై యింజను మైక్రోలైటులు కూర్చున్నవి. హడప్సరు మైదానమును మేడలు చుట్టుముట్టినవి. ఒకానొక విహారస్థలమున, రొక్కము పుచ్చుకొని, మనిషిని గొడుగుగుడ్డకు కట్టి, చేతికి సెల్‌ఫోను కర్ర నిచ్చి, పది నిమిషములు వ్రేలాడదీసి, గ్లైడింగు నేర్చినట్లు కాగితము వ్రాసియిచ్చుట చూచి నా గుండె మండినది. పారాగ్లైడింగునందును గొప్ప విద్వాంసులు కలరు, వారికి వందనము; విద్యను సంతసరకు చేసినవారిపైననే నా ఆగ్రహము. గాలిని ఒక్క అక్షరమైనను చదువకుండ దిగివచ్చినవానికి ఎగిరితినను భ్రమ గల్గించుట విద్యాద్రోహము.

మా సీమకేమి కొదవ? దేవమాలి శిఖరము 1,672 మీటర్ల యెత్తున నిలిచి వచ్చిన గాలినెల్ల పైకి మళ్ళించుచున్నది. జయపురమున రన్‌వే కలదు. సునాబెడలో యంత్రము ధ్వని విని రోగము చెప్పగల పనివారున్నారు. కొరాపుట్, రాయగడ కళాశాలలలో ఉడుకునెత్తురు పిల్లలున్నారు. ఒక వించి, రెండు గ్లైడరులు, ఒక గురువు చాలును. పెద్దలు పూనుకొనవలెను.

హడప్సరువారు మాకు భోజనము పెట్టిరి, తమ గాలి గుట్టు నిచ్చిరి. సెలవు పుచ్చుకొనునప్పుడు ఆ గురువు, ఈసారి మీ మైదానమునకు మమ్ము పిలువుడనెను. మేమైదుగురమును తలలు వంచుకొంటిమి. పిలుచుటకు మాకు మైదానమేదీ? విందు గుడిచి మరల విందు పెట్టలేనివాని సిగ్గు ఎట్టిదో తెలుగువారికి చెప్పనక్కరలేదు. మాలో పెద్దలకు ముదిమి పైబడినది. దేవమాలి గాలి గుట్టు విప్పిచెప్పుటకు ఆ పుణెవారిని మా కొండలకు పిలుచు భాగ్యము, కన్నులు కానవచ్చుచుండగనే మాకు కలుగుగాక.