చేతనము, అచేతనము, నాలుగు మనోవ్యాపారములు: యూంగ్ వర్గీకరణపై ఒక విమర్శ

పదవ తరగతి పరీక్షలు ముగిసినది మొదలు తిరుపతి, చిత్తూరు, మదనపల్లె పట్టణములలో అనేక గృహములలో ఒకే చర్చ నడుస్తుంది. పిల్లవానిని ఎం.పి.సి.లో చేర్చవలెనా, బై.పి.సి.లో చేర్చవలెనా, సి.ఇ.సి. చాలునా? తల్లిదండ్రులు బడికి వచ్చి ఉపాధ్యాయుని సలహా అడుగుతారు. "మీవాడు అంతర్ముఖుడండీ, లెక్కలే వానికి తగును", "మీ అమ్మాయిది అనుభూతి ప్రధానమైన స్వభావము, వైద్యము చదివించండి" వంటి మాటలు అట్టి సందర్భములలో వినిపించడము కద్దు. ఒక్క మాటతో రెండేళ్ళ చదువు, ఆ వెనుక జీవనోపాధి నిర్ణయమైపోవచ్చును. కనుక ఆ మాట వెనుకనున్న సిద్ధాంతము ఎంత బలమైనదో పరీక్షించుట అవసరము.

అంతర్ముఖ, బహిర్ముఖ అను విభజనను లోకములో ప్రచారము చేసినవాడు స్విట్జర్లండుకు చెందిన వైద్యుడు కార్ల్ గుస్తావ్ యూంగ్ (1875–1961). మనస్తత్వ భేదములను గూర్చి ఆయన వ్రాసిన ఉద్గ్రంథము 1921లో వెలువడినది. దాని సారాంశము ఇది. మనస్సు ప్రపంచమును నాలుగు వ్యాపారములతో గ్రహిస్తుంది. అవి ఆలోచన, అనుభూతి, ఇంద్రియ సంవేదన, అంతఃస్ఫురణ. వీటిలో ఒకటి ప్రతి వ్యక్తిలోను ప్రధానమై చేతనములో పనిచేస్తుంది. దానికి ఎదురైనది అణగిపోయి అచేతనములో ఉండిపోతుంది. ఆలోచన ప్రధానమైన వానిలో అనుభూతి అణగి ఉంటుంది. సంవేదన ప్రధానమైన వానిలో అంతఃస్ఫురణ అణగి ఉంటుంది. ఈ నాలుగింటిని అంతర్ముఖ, బహిర్ముఖ ధోరణులతో కలిపితే ఎనిమిది రకముల మనుష్యులు ఏర్పడుతారు. చేతనము ఒక వైపునకు ఎక్కువగా మొగ్గితే, అచేతనము రెండవ వైపునకు లాగి సరితూచుతుందని కూడ ఆయన చెప్పినాడు.

ఈ సిద్ధాంతము గాలిలో పుట్టినది కాదు. జ్యూరిచ్‌లోని బుర్గ్‌హోల్‌జ్లి మానసిక వైద్యశాలలో పనిచేసిన రోజులలో యూంగ్ చక్కని ప్రయోగములు చేసినాడు. వైద్యుడు ఒక్కొక్క మాట పలుకుతాడు. ఎదుటివాడు తనకు తోచిన మొదటి మాటను వెంటనే చెప్పవలెను. ఎంత కాలము పట్టినదో గడియారముతో కొలుస్తారు. చాల మాటలకు జవాబు త్వరగా వస్తుంది. కొన్ని మాటల వద్ద మాత్రము ఆలస్యమవుతుంది, లేదా వింత జవాబు వస్తుంది. ఎందుకు ఆగినాడో చాలసార్లు చెప్పినవానికే తెలియదు. మనస్సులో తెలియకుండ జరిగే పని ఒకటి ఉన్నదని, దానిని సెకనులలో కొలువవచ్చునని ఈ ప్రయోగము చూపినది.

జినీవా నగరములో క్లాపరేడ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1911లో ప్రకటించిన ఉదంతము ఇంకను స్పష్టమైనది. అతని వద్ద జ్ఞాపకశక్తి దెబ్బతిన్న ఒక స్త్రీ ఉండేది. కొద్ది నిమిషముల క్రితము చూచిన మనిషిని కూడ ఆమె గుర్తించలేదు. ఒకనాడు క్లాపరేడ్ వ్రేళ్ళ మధ్య గుండుసూది దాచి ఆమెతో కరచాలనము చేసినాడు. సూది గుచ్చుకొన్నది. ఆ సంగతి ఆమె వెంటనే మరచిపోయినది. కాని మరల చేయి చాచినప్పుడు ఆమె తన చేతిని వెనుకకు తీసుకొన్నది. చేతనము మరచినదానిని మరొకటి మరువలేదు! నేటి శాస్త్రజ్ఞులు అచేతన జ్ఞాపకమును గూర్చి చేసిన అనేక పరిశోధనలు ఈ మార్గములోనివే. అచేతన మనోవ్యాపారము ఉన్నదా అను ప్రశ్నకు 'ఉన్నది' అనునదే శాస్త్రము ఇచ్చే జవాబు.

చిక్కు ఆ తరువాతి మెట్టులో ఉన్నది. ఇంటిలో చీకటిగది ఉన్నదని తెలియుట ఒకటి. ఆ గదిలో ఏ వస్తువు ఏ మూలలో ఉన్నదో తెలిసినట్లు చెప్పుట వేరొకటి. గడియారముతో చేసిన ప్రయోగము మొదటిదానికి సాక్ష్యము ఇస్తుంది. వ్యాపారములు నాలుగే అనుటకు గాని, ఒకటి పైకి వస్తే దాని ఎదుటిది తప్పక అణగిపోవును అనుటకు గాని అది సాక్ష్యము కాదు. 1921 నాటి గ్రంథములో ఈ రెండవ అంశమునకు ఆధారములు రోగులతో కలిగిన అనుభవము, పురాణములు, కవిత్వము, తత్త్వశాస్త్రము. మన ఉపనిషత్తులు, గీత చెప్పే ద్వంద్వములు కూడ అందులో చర్చకు వచ్చినవి. అవి ఆలోచనను రేకెత్తించగలవు, నిరూపణము కాజాలవు.

సరితూచుట అను భావమునే తీసుకొని చూడవచ్చును. మదనపల్లెలో ఒక విద్యార్థి తరగతిలో నోరు మెదపడు. ఆదివారము తండ్రితో టమాటా మార్కెట్టుకు వెళ్ళి, వ్యాపారులతో గొంతెత్తి బేరమాడుతాడు. ఇతడు అంతర్ముఖుడని నిర్ణయించినవారు, మార్కెట్టులో అచేతనములోని బహిర్ముఖత్వము బయటపడినదని అంటారు. మార్కెట్టులో కూడ మౌనముగా ఉంటే, అంతర్ముఖుడని ముందే చెప్పితిమి కదా అంటారు. ఏది జరిగినను సిద్ధాంతమే గెలుస్తుంది. గ్రహణము ఫలానా నిమిషమునకు పట్టునని గణించినవాడు, పట్టకపోతే తన లెక్క తప్పినదని ఒప్పుకొనుటకు సిద్ధపడి ఉంటాడు. అట్టి అపాయమునకు లోబడని మాట శాస్త్రవాక్యము కాదు. పై ఉదాహరణకు ఇంకొక సులభమైన వివరణ కూడ ఉన్నది. తరగతి వేరు, మార్కెట్టు వేరు. ఒకచోట తప్పు చెప్పుదునేమో అను భయము, రెండవచోట తెలిసిన పని. ప్రవర్తన సందర్భమును బట్టి ఎంతగానో మారుతుందని అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ మిషెల్ 1968లో వాదించి పెద్ద చర్చకు దారి తీసినాడు.

రెండవ లోపము వర్గములను గూర్చినది. ఒక తరగతిలోని పిల్లలను ఎత్తు ప్రకారము నిలబెట్టి, 150 సెంటీమీటర్ల వద్ద సుద్దముక్కతో గీత గీస్తే పొట్టివారు, పొడుగువారు అను రెండు జట్లు ఏర్పడుతాయి. 149 ఉన్నవాడు, 151 ఉన్నవాడు వేరు వేరు జట్లలో పడుతారు. 151, 175 ఉన్నవారు ఒకే జట్టు! గీత గీసినవానిదే గాని ప్రకృతిది కాదు. స్వభావము సంగతి కూడ ఇంతే. యూంగ్ భావములను ఆధారము చేసుకొని కేథరీన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇజబెల్ మయర్స్ ఒక ప్రశ్నావళిని తయారు చేసినారు. దాని వివరణ పుస్తకము 1962లో ప్రచురితమైనది. అది మనుష్యులను 16 రకములుగా విభజిస్తుంది. 1989లో మక్రే, కోస్టా అను శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించి, నిజముగా రెండుగా విడిపోయిన రకములు ఉన్నవనుటకు ఆధారము కనబడలేదని తేల్చినారు. ఎక్కువ తక్కువలుగా కొలువదగిన స్వభావ లక్షణములను మాత్రము అది కొంతవరకు పట్టుకొంటున్నదని కూడ వారే చూపినారు. వృత్తి సలహాలకు ఆ ప్రశ్నావళిని వాడుటకు తగిన ఆధారము లేదని 1991లో అమెరికా జాతీయ పరిశోధన మండలి సంఘము అభిప్రాయపడినది.

యూంగ్‌కు న్యాయము చేయుటకు ఒక విషయము చెప్పవలెను. మనుష్యులకు పేర్లు అంటించి పెట్టెలలో సర్దుట తన ఉద్దేశము కాదని, అది పిల్లల ఆటవంటిదని ఆయన 1934లో తన గ్రంథము అర్జెంటీనా ప్రచురణకు వ్రాసిన పీఠికలో హెచ్చరించినాడు. ఆ హెచ్చరికను చదివినవారు తక్కువ, పేర్లు నేర్చుకొన్నవారు ఎక్కువ.

ఇదే విషయమును వేరొక వైపు నుండి విమర్శించినవాడు ఈ సీమలోనే పుట్టినాడు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో జన్మించినాడు. అప్పుడు కడప జిల్లాలో ఉన్న ఆ పట్టణము 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. దాని సమీపముననే ఆయన భావముల ఆధారముగా నడిచే రిషివ్యాలీ పాఠశాల ఉన్నది. విద్యను గూర్చి 1953లో వెలువడిన తన పుస్తకములో, స్వభావమును సామర్థ్యమును బట్టి పిల్లలను వర్గీకరించుట వారి మధ్య భేదములనే పెంచుతుందని, సమాజములో చీలికలకు తోడ్పడుతుందని ఆయన వాదించినాడు. పిల్లవానిని సిద్ధాంతముతో కాక, వాడు ఉన్నది ఉన్నట్లు చూడవలెనని ఆయన మతము.

ఈ సలహా విలువైనదే అయినను, దీనిని కూడ పరీక్షింపక ఒప్పుకొనరాదు. చేతనము, అచేతనము అను విభజనే కృత్రిమమని కృష్ణమూర్తి ప్రసంగములలో పలుమార్లు అన్నాడు. క్లాపరేడ్ చూచిన స్త్రీ చేయి ఆ మాటను సమర్థించదు. తెలిసిన జ్ఞాపకము, తెలియని జ్ఞాపకము అక్కడ విడివిడిగా కనబడుతున్నవి. భేదములను పేర్కొనకుండ నలభై మంది ఉన్న తరగతికి పాఠము చెప్పుట కూడ కష్టము. చూపు మందగించిన పిల్లవానిని ముందు బల్లపై కూర్చుండబెట్టుట వర్గీకరణమే. అది మేలు చేస్తుంది. ఏలయన చూపును కొలువవచ్చును, అద్దములు వచ్చిన తరువాత స్థలము మార్చవచ్చును.

వర్గీకరణలో మంచిచెడ్డలను వేరుచేసే గుర్తు ఇదే. కొలిచి చెప్పినదై, మార్చుకొనుటకు వీలైనదైతే అది పిల్లవానికి సాయపడుతుంది. కొలువరానిదై, మారరానిదైతే వాని మెడకు బరువవుతుంది. 'వీడు అంతర్ముఖుడు' అనుటకు బదులు 'వీడు తరగతిలో ప్రశ్న అడుగుటకు జంకుతున్నాడు, ఇద్దరు ముగ్గురు ఉన్నచోట బాగుగా మాట్లాడుతున్నాడు' అని వ్రాసుకొన్న ఉపాధ్యాయునికి మరునాడు చేయవలసిన పని ఏదో తెలుస్తుంది. వచ్చే నెల చూస్తే ఆ మాట నిజమో కాదో కూడ తెలుస్తుంది. గ్రూపు ఎన్నుకొనే వేళ తల్లిదండ్రుల ముందు ఉంచదగినవి పిల్లవాని మార్కులు, వాడు ఇష్టపడి చేసిన పనులు, వాని స్వంత కోరిక. అచేతనములో ఏ వ్యాపారము అణగి ఉన్నదను ఊహకు ఆ జాబితాలో చోటు లేదు.