నడి ఎండలో చిగురు

నల్లమలా! నీలినిగ్గుల నెచ్చెలీ! కృష్ణమ్మ ఒడ్డున తల ఆన్చి, పెన్నమ్మ దిక్కుగా పాదాలు చాచి, పొడవునా ఒత్తిగిలి పడుకున్న పురాతన సుందరీ! నిన్ను ఏమని పిలవను? మల్లన్న మేలుకునే మంటపమనా, నరసింహుడు నెమ్మదించిన నెలవనా, మహానంది ఊటను మోస్తున్న నిండు గర్భమనా? వేకువన వెండి మసకవి, మిట్టమధ్యాహ్నం ఇనుప నీలానివి, మునిమాపున నేరేడు రంగువి. వరస వెనుక వరస, మడత మీద మడత, నీలం లోపల మరో నీలం. నిన్ను చూడని నాడు నాకు పొద్దు పోదు. చూసిన నాడు పొద్దు తెలియదు.

నీ ప్రాయం ముందు నా ప్రాయమెంత! కొండవు కాకముందు నువ్వు కడలివట. వంద కోట్ల ఏళ్లకు ముందెప్పుడో ఆ కడలి అడుగున ఇసుక పేరుకుని, పొరలై, బిరుసెక్కి, రాయై, ముడతలు పడి, మెల్లగా పైకి లేచి నువ్వయ్యావట. నీ రాతిపలకలు కొన్నిటిని అరచేత్తో తడిమితే ఇప్పటికీ సన్నని అలల గీతలు తగులుతాయి. నీళ్లు పోయాయి, నడక మిగిలింది. అలలు పోయాయి, చాలు మిగిలింది. అంత పెద్ద సముద్రమే తన ఉప్పునీ, హోరునీ, పేరునీ వదులుకుని కొండగా మళ్లీ మొదలైనప్పుడు, కాపురం ముగిసిన ఒక ఆడది యాభై దాటాక కొత్త ఊళ్ళో పొయ్యి వెలిగించుకోవడం లోకానికి ఎందుకంత వింతయిందో నాకు బోధపడదు.

ఆ కాపురం కథ ఇక్కడ వద్దు. అలాంటి కథలు వినడానికి కోర్టు గుమాస్తాలున్నారు. హైదరాబాదులో తలుపు మూశాను, నీ పాదాల దగ్గర గాజులపల్లెలో రెండు గదులకు తలుపు తెరిచాను, సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. అంతే. “ఈ వయసులో ఒంటరిగా ఆ అడవి పక్కనా?” అన్నారు అయినవాళ్లు. నడివయసు దాటినవాళ్లు అడవి దారి పట్టాలని మన పెద్దలే చెప్పారుగా అని నవ్వేశాను గానీ, వాళ్ల వానప్రస్థానికీ నా ప్రయాణానికీ పొత్తు లేదు. వాళ్లు అన్నీ చాలించుకోవడానికి అడవికి వెళ్లేవాళ్లు. నేను ఇంకా ఏదీ సరిగ్గా రుచి చూడనే లేదు.

మాఘమాసంలో వచ్చాను నీ దగ్గరికి. నీ ఒంటి మీద ఆకు నిలవని కాలం. పచ్చదనం ఒళ్లో తల దాచుకుందామని వచ్చినదానికి నువ్వు బోసి మెడతో, బోడి చేతులతో ఎదురొచ్చావు. ఎంత రాల్చేదానివి! గాలి రాకపోయినా రాల్చేదానివి. తునికి ఆకు తూలుతూ, మద్ది ఆకు మెలికలు తిరుగుతూ, టేకు ఆకు తప్పెట మోగినట్టు టప్పుమంటూ. రాలిన ఆకుల మీద ఉడుత పరిగెత్తినా ఎలుగుబంటి వచ్చినంత చప్పుడు. గాజులపల్లెలో రైలెక్కి దిగువమెట్ట దాకా కిటికీకి చెంప ఆనించి కూర్చునేదాన్ని. సొరంగంలో చీకటి, సొరంగం దాటితే బూడిదరంగు. మళ్లీ చీకటి, మళ్లీ బూడిద. ఇంత వెలవెలబోయిన దాన్నా నేను వెతుక్కుంటూ వచ్చింది అని గుండె జారేది.

దిగువమెట్టలో ఒక చెంచు పెద్దావిడ పరిచయం. తపసి బంక ఏరి అమ్ముతుంది. మొదటి మాటలోనే, “నీ మొగుడేడీ టీచరమ్మా?” అంది. లేడన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, “మా అల్లుడు మల్లన్న గూడా ఇంటిపట్టున ఉండేటోడు గాదులే” అని పకపకా నవ్వింది. శ్రీశైలం మల్లన్న చెంచులకు ఇంటి అల్లుడు. దేవుడన్న బెరుకు కంటే అల్లుడన్న చనువు ఎక్కువ. ఆ నవ్వులో నా ఏళ్ల బరువు ఎటో దొర్లిపోయింది. “అడవంతా చచ్చిపోయినట్టుందమ్మా” అని నీ వైపు చెయ్యి చూపించాను. “సావలేదు, ఏం లేదు. ఎండకి కోక ఇప్పి పక్కన పెట్టింది” అంది.

ఎంత నిజం చెప్పింది! సిగ్గులేని నా సింగారీ, కోక విప్పాకే కదా నీ నగలు కనబడ్డాయి! ఆకు ఉన్నన్నాళ్లూ మరుగున ఉన్నవన్నీ ఆకు రాలాక మెరిశాయి. తెల్లని తపసి మాను వెన్నెల్లో ఒంటికాలి మీద నిలబడ్డ మునికన్నెలా తళతళలాడింది. ఒక్క ఆకైనా లేని కొమ్మ మీద కొండగోగు పసుపు దొన్నెలు పట్టింది. బూరుగు ఎర్రని గిన్నెలు పైకెత్తితే మైనాలూ కాకులూ జెముళ్లూ తేనెపంక్తికి కూర్చున్నాయి. ఇక మోదుగ! ఓ మోదుగా, మోడుకు మొలిచిన మంటా, మౌనానికి పుట్టిన మాటా, ఏ పందిట్లో పెళ్లి అని ఇంత పారాణి! ఒక లోయ లోయంతా నిప్పు పూసి, పొగ లేక, బూడిద లేక, పగలంతా రగిలింది. చిలకలు వచ్చి ఆ నిప్పును ముక్కుతో తుంచి తిన్నాయి. ఆపైన ఇప్ప. రాత్రంతా రాలి తెల్లారేసరికి నేలంతా తీయని మత్తు. లేళ్లు తిన్నాయి, ఎలుగులు తిన్నాయి, గూడెం పిల్లలు గంపలకెత్తారు, నేనూ దోసెడు తెచ్చుకుని ఎండబెట్టాను. నా రెండు గదులకూ నీ ఊపిరి పట్టింది.

అయినా నీ పూలకు కాదు నేను దాసోహమన్నది. నీ చిగురుకు.

చైత్రం పోయింది, వైశాఖం వచ్చింది. ఎండ నిలువునా దిగింది. వాగు ఇసుకైంది, ఇసుక నిప్పైంది, చెలమల్లో నీళ్లు చెంబు మునగనంతకు దిగాయి. మేఘం మాట లేదు, ఋతుపవనం ఇంకా ఎక్కడో సముద్రం మీదే ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే దినాలవి. ఆ దినాల్లో, ఆకాశం నుంచి ఒక్క చినుకు బాకీ అడగకుండా, నువ్వు చిగురించావు! ఇప్ప రాగిరంగు రెమ్మ తొడిగింది. కానుగ తళుకు పచ్చ పులుముకుంది. నల్లమద్ది మొసలిచర్మం లాంటి బెరడు మీంచి పసిబిడ్డ చెవి వంటి ఆకును మెత్తగా బయటకు పంపింది. పూలు రాల్చిన మోదుగ మూడేసి ఆకుల విస్తరి మళ్లీ పరచింది. టేకు మాత్రం కాస్త తటపటాయించే రకం, చినుకు పడితే గానీ నమ్మదు. తక్కినవన్నీ నడినెత్తిన నిప్పు మోస్తూ నవ్వాయి.

నీళ్లెక్కడివే నీకు? చెట్ల సంగతి చదువుకున్నవాళ్లు చెబుతారు: ఆకులు రాల్చుకున్న చెట్టుకు ఆవిరైపోయే ఖర్చు తగ్గుతుంది, లోతు వేళ్లు తెచ్చిన తడి మానులో నిలవ చేరుతుంది, పగటి పొడవు పెరిగే వేళ ఆ నిలవతోనే చిగురు వేస్తుంది. అంటే ఆ రాల్చడమంతా దాచుకోవడమేనా? ఆ మోడుతనమంతా మూట కట్టుకోవడమేనా? రావలసిన వాన కోసం దోసిలి పట్టకుండా, వెళ్లిపోయిన వాననే గుండెలో దాచుకుని, దాన్నే తోడుకుని, దాన్నే తాగి, దాన్నే ఆకు చేశావా? నేను కూడా ఏళ్ల తరబడి ఎన్ని వానలు తాగానో! అమ్మ పాడిన మేలుకొలుపులు, ఇంటర్లో వదిలేసిన వీణ, చదివి మడిచిన పుస్తకాలు, చిన్ననాట తాతతో నడిచిన చేనుగట్లు. అవన్నీ ఆవిరైపోయాయనే అనుకున్నాను. నీ ఎదుట నిలబడ్డ ఒక మిట్టమధ్యాహ్నం, ఎక్కడో లోమానులో చల్లగా కదిలాయి. నంద్యాలలో పాత వీణ ఒకటి దొరికింది. మెట్లు సవరించాలి, వేళ్లు వంగడం లేదు, మాయామాళవగౌళ దగ్గరే మళ్లీ మొదలు. పక్కింటి పిల్ల చెవులు మూసుకుంటుంది. మూసుకోనీ!

ఊరడిస్తావని వచ్చినదాన్ని, నువ్వు ఊరడించలేదు. తల నిమరలేదు, కన్నీళ్లు తుడవలేదు, నా పేరైనా అడగలేదు. ఈ మధ్య పత్రికల్లో ప్రకృతి ఒడి, ప్రకృతి చికిత్స, ప్రకృతి విడిది అని అందంగా రాస్తున్నారు. అడవిని అద్దె నర్సమ్మను చేసి కూర్చోబెట్టారు. వాళ్లు నిన్ను చూడలేదు. 1983లో నువ్వు ప్రాజెక్ట్ టైగర్‌లో చేరావు. నీ గుండెకాయ చోటు పెద్దపులిది, నాది కాదు. నాకు నీ అంచు చాలు, నీ రైలుదారి చాలు, గుళ్లకు పోయే కాలిబాట చాలు. నీ పట్టనితనమే నాకు పట్టాభిషేకమైంది. ఎవరి కూతుర్ని, ఎవరి భార్యని, ఎవరు విడిచిన దాన్ని అని అడగని చోటు నా యాభయ్యేళ్లలో ఇదొక్కటే. నీ నీడలో నేను కథ లేని మనిషిని. కథ లేని మనిషి ఎంత తేలిగ్గా నడుస్తుందో! మోకాళ్ల నొప్పి కూడా సగం కథేనేమో అనిపిస్తుంది.

నీ తొర్రల్లో దాగిన ఆ నీలిమణి సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నెమలికంఠపు నీలంతో మెరిసే సాలీడు. 1899లో గుత్తి రైలు కలప అడితిలో దొరికింది, శాస్త్రజ్ఞులు పేరు పెట్టారు, ఆ తర్వాత నూరేళ్లు దాటినా ఎవరి కంటా పడలేదు. అంతరించిందేమో అనుకున్నారు. 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ నడుమ, నీ మాను తొర్రలోనే, ఆ నీలం ఆ నీలంగానే కనబడింది! గుత్తికి బహుశా నీ కలపతో పాటే రైలెక్కి వెళ్లి ఉంటుంది. దాని లోకమంతా కలిపితే వంద చదరపు కిలోమీటర్లకు లోపేనని అప్పట్లో లెక్కగట్టారు. ఓ తొర్రలోని తోరణమా, ఎవరూ చూడని నూరేళ్లూ నువ్వు ఎవరి కోసం మెరిశావు? చూసే కన్ను లేదని రంగు మానుకోలేదు. పొగిడే నోరు లేదని నిగ్గు తగ్గించుకోలేదు. చీకట్లో, బెరడు పొడి మధ్య, సాలె పట్టులో, పండగలా బతికావు. ఇక అద్దం ముందు నిలబడి తెల్లవెంట్రుకలు లెక్కపెట్టుకునే అలవాటు నాకు తప్పింది. మొన్న నెమలికంఠం రంగు చీర కొనుక్కున్నాను, ఏ శుభకార్యమూ లేకుండా.

నిన్ను పొగుడుతూ నీ కష్టం దాచను. ఆ ఎండల్లోనే నీకు నిప్పంటుకుంటుంది. రాత్రివేళ మేడ మీంచి చూస్తే కొండవాలున ఎర్రని తీగ పాకుతూ ఉంటుంది. దూరానికి అందంగా కూడా ఉంటుంది, అదే దాని పాపం. పొద్దున వాసన వస్తుంది, మాడిన గడ్డిదీ గూళ్లదీ. అటవీశాఖ వాచర్లు పచ్చికొమ్మలు పట్టుకుని ఆ మంటను కొట్టి కొట్టి చంపి, మసిమొహాలతో టీ తాగడానికి స్టేషన్ దగ్గరికి వస్తారు. నీ అందానికి అంత దగ్గరగా కాలిన చేతులు వాళ్లవి. నేను వాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుని ఏమీ మాట్లాడను. ఆ వేళ అలంకారాలు నోటికి రావు.

మహానంది కోనేట్లో దిగితే మాత్రం మాటలన్నీ మళ్లీ వస్తాయి. అమ్మా ఊటా! ఏ ఎండకూ ఎండని ఎదనీరా! అడుగున పడ్డ పైసా బొమ్మా బొరుసూ తెలిసేంత తేటదనమా! కొండ కడుపులో ఎన్నాళ్లు చీకట్లో నడిచావో, ఎన్ని రాళ్ల మధ్య వడగట్టుకున్నావో! గుడి దాటి, గడప దాటి, అరటితోటల్లోకి పరుగెత్తి, ఆకు ఆకునూ ఊపి, గెల గెలనూ నింపి పోతావు. మెడ దాకా మునిగాను. నా ఒంటి మీద నుంచి పారిన నీరే ఆ తోటల్లోకి పోయిందనుకుంటే ఎంత గర్వమో!

మృగశిర వచ్చింది. ఒకరోజు సాయంత్రం త్రైరాశికం చెబుతుండగా పడమట నల్లగా ఉబ్బి, ఊగి, ఉరిమి, విరుచుకుపడింది వాన. పెంకుల మీద ధణధణ, రేకుల మీద దడదడ, చింతచెట్టు మీద జలజల. పిల్లలు పలకలు విసిరి బయటికి దూకారు. పాఠం పోయింది, పంతులమ్మా పోయింది. తడిసిన మట్టివాసనలో, తడిసిన చీరలో, వాళ్ల వెంట నేనూ చిందులేశాను. తర్వాత ఆరుద్ర పురుగులు వచ్చాయి, ఎర్ర పట్టుగుండీలు నేల మీద నడిచి వచ్చినట్టు. ఒక పిల్లవాడు నా అరచేతిలో ఒకటి పెట్టి, “టీచరూ, కదిలించొద్దు, దానికి మీరంటే భయం” అన్నాడు. నాకెప్పుడూ లేని హోదా!

నల్లమలా, నీకు వానముందే ఆకు ఉంది కాబట్టి ఆ తొలి చినుకును ఆకుతో పట్టావు. నేనింకా మొగ్గ దగ్గరే ఉన్నాను. వచ్చే మాఘానికి నువ్వు మళ్లీ రాలుస్తావు, నేనూ ఇంకో ఏడు రాలుస్తాను. సరళీ స్వరాలు అప్పటికి పూర్తి చేస్తాను, అహోబిలంలో ఉగ్రస్తంభం దాకా ఎక్కుతాను, ఆ చెంచు పెద్దావిడ దగ్గర బంక ఏరడం నేర్చుకుంటాను. ఆపైన వైశాఖం ఎండలో ఇద్దరం ఎదురెదురుగా నిలబడదాం. ఎవరికి ముందు ఆకు వస్తుందో పందెం. నేను ఓడితే నా నెమలికంఠం చీర, నువ్వు ఓడితే నీ మోదుగ కొమ్మ!