ప్లగ్గు చిన్నదే, కరెంటంతా దాని గుండానే

రేడియో కంట్రోల్ కార్ల మోజున్నవాళ్లు మోటారు గురించి అడక్కుండానే చెబుతారు. బ్యాటరీ ఎన్ని మిల్లీఆంప్ అవర్లో, టైరు రబ్బరు ఎంత మెత్తనో కూడా చెబుతారు. బ్యాటరీకీ స్పీడ్ కంట్రోలర్‌కీ నడుమ ఉన్న ప్లగ్గు ఊసు మాత్రం అది కరిగిన రోజునే వస్తుంది.

జపాన్‌లోని షిజువోకాకు చెందిన టమియా కంపెనీ 1984లో గ్రాస్‌హాపర్, హార్నెట్ అనే బగ్గీలను తెచ్చింది. ఎందరో పిల్లలకు ఈ సరదాను అంటించిన కార్లవి. నికెల్ కాడ్మియం సెల్స్ ఆరు కలిపితే 7.2 వోల్టులు, సామర్థ్యం 1200 మిల్లీఆంప్ అవర్ల దగ్గర. అప్పటి బ్యాటరీ అంతే. దానికి తెల్లటి నైలాన్ ప్లగ్గు, పక్కన చిన్న కొక్కెం. తిరగేసి దూర్చడానికి వీలుండదు, గతుకుల్లో ఎగిరినా ఊడదు. ఆ కార్లకు అది సరిపోయిన ప్లగ్గే. ఈనాటికీ టమియా కిట్లలో అదే రకం కనిపిస్తుంది. మామూలు బ్రష్ మోటారు, నికెల్ బ్యాటరీ ఉన్న కారైతే దాన్ని తీసి పారేయాల్సిన పనే లేదు.

చిక్కంతా లిథియం పాలిమర్ బ్యాటరీ, బ్రష్‌లెస్ మోటారు వచ్చాక మొదలైంది. పాత ప్లగ్గు లోపల ఉండేది పలుచని రేకును చుట్టి చేసిన పిన్నూ గొట్టమూ. దాని స్థాయి సుమారు 15 ఆంపియర్లు. పదేపదే పీకి పెడుతుంటే గొట్టం వదులవుతుంది, లోహం లోహాన్ని తాకే చోటు తగ్గిపోతుంది. అక్కడ 5 మిల్లీఓమ్‌ల నిరోధం ఉందనుకుందాం. 10 ఆంపియర్లు పారితే పుట్టే వేడి అర వాటు. అదే 40 ఆంపియర్లయితే 8 వాట్లు! కరెంటు నాలుగింతలైతే వేడి పదహారింతలు. వేలి కొస అంత నైలాన్ ముక్క ఆ వేడిని ఎంతసేపని ఓర్చుకుంటుంది? ముందు గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత మెత్తబడుతుంది.

మరి ఏది కొనాలి? ఒకప్పుడు పందెం కార్లవాళ్లంతా ఎర్రటి డీన్స్ ప్లగ్గు వాడేవారు. అసలుది మంచిదే కానీ నకిలీలు ఎక్కువ, తడి చేతులతో పట్టి లాగడం కష్టం. ట్రాక్సాస్‌కు తన సొంత ప్లగ్గు ఉంది. ఆ కంపెనీ బ్యాటరీలే వాడేవారికి అది హాయి. ఈసీ3, ఈసీ5లకు స్పెక్ట్రమ్ తెచ్చిన ఐసీ3, ఐసీ5లు చక్కగా కలుస్తాయి. పదో వంతు సైజు కారు, రెండు లేదా మూడు సెల్స్ ప్యాక్ అయితే ఈ కాలమిస్టు ఓటు పసుపుపచ్చ ఎక్స్‌టీ60కే. లోపల 3.5 మిల్లీమీటర్ల బంగారు పూత పిన్నులు, 60 ఆంపియర్ల స్థాయి, ప్లస్ మైనస్ గుర్తులు ప్లాస్టిక్ మీదే అచ్చయి ఉంటాయి. ఎనిమిదో వంతు బరువైన బగ్గీలకు 4.5 మిల్లీమీటర్ల పిన్నుల ఎక్స్‌టీ90 మేలు. తగిలించేటప్పుడు వచ్చే నిప్పురవ్వను ఆపడానికి లోపలే రెసిస్టర్ పెట్టిన రకం కూడా అందులో దొరుకుతుంది. ఏది ఎంచుకున్నా ఇంట్లో ఉన్న కార్లకూ ఛార్జర్‌కూ అదే ఒక్కటి ఉండాలి. అడాప్టర్ల గొలుసు వద్దు. ప్రతి అడాప్టరూ కొత్తగా వేడెక్కే చోటే.

ఇక టంకం పని. మంచి ప్లగ్గును చెడగొట్టేది ఇదే. సెల్‌ఫోన్ రిపేర్లకు వాడే సన్నమొన ఐరన్ దీనికి చాలదు. 12 గేజి రాగితీగ వేడినంతా లాగేసుకుంటుంది. 60 వాట్లకు తగ్గని ఐరన్, వెడల్పాటి మొన కావాలి. 63/37 తగరం-సీసం టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ముందు హీట్ ష్రింక్ గొట్టాన్ని తీగకు తొడగాలి. తొందరలో మరిచిపోయేది దీన్నే. తర్వాత తీగ కొసకూ ప్లగ్గు గిన్నెకూ విడివిడిగా టంకం పట్టించి, అప్పుడు రెండూ కలిపి వేడిచేయాలి. ఆ సమయంలో ప్లగ్గు జతను కలిపే ఉంచితే, ప్లాస్టిక్ మెత్తబడినా పిన్నులు పక్కకు ఒరగవు. అతుకు నున్నగా మెరవాలి. బూడిదరంగులో గరుకుగా కనిపిస్తే మళ్లీ వేడిచేయాల్సిందే.

బ్యాటరీ వైపు పని చేసేటప్పుడు ప్రాణం పెట్టి చూసుకోవలసింది ఒకటుంది. పాత ప్లగ్గును కత్తిరించేటప్పుడు ఎరుపు, నలుపు తీగలను ఒకేసారి కత్తెరకు ఇవ్వకూడదు. కత్తెర లోహమే రెండింటినీ కలిపేస్తుంది, లిథియం బ్యాటరీ షార్టయితే మంట లేస్తుంది. ఒక తీగ కత్తిరించి, టంకం వేసి, గొట్టం కప్పాకే రెండోదాని జోలికి వెళ్లాలి. లోహం బయటికి తగలని సగాన్నే బ్యాటరీకి బిగించాలి. ఈ పని పిల్లలు చేస్తుంటే పక్కన పెద్దలెవరైనా కూర్చోండి.

కారుకు తగిలించే ముందు ఒక్కసారి మల్టీమీటర్ పెట్టి చూడండి. ఎర్ర ప్రోబు ప్లస్ గుర్తు దగ్గర, నల్లది మైనస్ దగ్గర. నిండుగా ఛార్జి చేసిన రెండు సెల్స్ ప్యాక్ 8.4 వోల్టులు చూపాలి. అంకె ముందు మైనస్ గీత కనిపిస్తే తీగలు తారుమారైనట్టే. చాలా స్పీడ్ కంట్రోలర్లకు ఆ తప్పు నుంచి రక్షణ ఉండదు.