గాదె అడుగు చూసుకున్నారా?

మూడు నెలలకోసారి రక్తం ఇవ్వడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలని తెలిశాక, నా వంతు తప్పకూడదనుకున్నాను. వేలు గుచ్చి చూస్తే హిమోగ్లోబిన్ ప్రతిసారీ 12.5 దాటేది. ధీమాగా చెయ్యి చాపేవాణ్ణి.

రెండేళ్ల కిందట రాత్రుళ్లు కాళ్లు నిలవనివ్వడం మానేశాయి. నొప్పి కాదు. పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు ఉండేది. లేచి నాలుగడుగులు వేస్తే సర్దుకునేది, నడుం వాల్చగానే మళ్లీ మొదలు. పగటి తిరుగుడు వల్లేనని మా ఆవిడ కాళ్లు పట్టేది. డాక్టరు గారు మాత్రం రక్తదానం సంగతి వినగానే, ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ పరీక్ష రాశారు. 14 వచ్చింది, బాగా తక్కువ.

ఈ బాధకు రెస్ట్‌లెస్ లెగ్స్ అని పేరు పెట్టింది స్వీడన్ వైద్యుడు ఎక్‌బోమ్, 1945లో. కారణాలు చాలా ఉన్నాయి. ముఖ్యమైన వాటిలో ఇనుము లోపం ఒకటి. మెదడులో డోపమైన్ తయారవ్వాలంటే ఇనుము కావాలి. అందుకే ఈ బాధ ఉన్నవారికి ఫెరిటిన్ 75 దాటకపోతే వైద్యులు ఇనుము ఇచ్చి చూస్తారు.

హిమోగ్లోబిన్ కుండలో ఉడికిన అన్నం. ఫెరిటిన్ గాదెలో ధాన్యం. కుండ నిండుగా ఉన్నా గాదె అడుగంటి ఉండొచ్చు. ఒక్కసారి రక్తం ఇస్తే 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. తిండి నుంచి ఒంటికి పట్టేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే, అందులోనూ రోజువారీ ఖర్చు ఉంటుంది. రెండు దానాల మధ్య మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు అన్న గడువు తీరినా గాదె నిండిందన్న భరోసా లేదు.

డాక్టరు గారు రాసిన ఇనుము మాత్రలు వాడాను. తిండిలోని ఇనుము ఒంటికి పట్టాలని భోజనం వెంటనే టీ మానేశాను, తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోవడం నేర్చుకున్నాను. కొన్ని నెలలకు కాళ్లు నెమ్మదించాయి. ఇప్పుడు ఆరు నెలలకోసారి, ఫెరిటిన్ చూపించుకునే రక్తం ఇస్తున్నాను.

తరచుగా రక్తమిచ్చే మిత్రులారా, దానం మానకండి. ఏడాదికోసారి ఫెరిటిన్ పరీక్ష చేయించుకోండి. మాత్రలు మాత్రం సొంతంగా మింగకండి, ఇనుము ఎక్కువైనా హానే. ఇచ్చే చెయ్యి పదికాలాలు ఇవ్వాలంటే, దాత గాదె కూడా నిండుగా ఉండాలి.