తెరచాప పడవలో చల్లదనం

తెరచాప పడవలోని ఏసీ క్యాబిన్ వేడిని సముద్రపు నీటికి అప్పగిస్తుంది. పడవ అడుగున ఉన్న రంధ్రం నుంచి నీరు వాల్వు, జల్లెడ దాటి పంపులోకి, అక్కడి నుంచి కండెన్సర్‌లోకి వెళ్లి, పక్క రంధ్రం గుండా బయటపడుతుంది. ఫ్లోరిడా, కరీబియన్ రేవుల్లో ఇలాంటి ఏసీలు బిగించే మెకానిక్ నేర్పంతా ఆ నీటిదారిని అమర్చడంలోనే ఉంది. మామూలుగా వాడే సెంట్రిఫ్యూగల్ పంపు తనంతట తాను నీటిని పైకి పీల్చుకోలేదు. దాన్ని నీటిమట్టానికి కిందే బిగించాలి. గొట్టం ఎక్కడా కిందికి దిగకుండా కండెన్సర్ దాకా ఎక్కుతూనే పోవాలి. ఒక్కచోట మూపురంలా లేచినా గాలి చిక్కుకుని ప్రవాహం ఆగిపోతుంది. గాలికి ఒరిగే పడవ ఇది, ఒరిగినప్పుడు రంధ్రం నీటి పైకి తేలకూడదు. నీటిరంధ్రాన్ని మధ్యరేఖకు దగ్గరగా, లోతుగా పెట్టేవాడే అసలైన పనివాడు.

అధిక పీడనంతో ఏసీ ఆగిపోతే మంచి మెకానిక్ ముందుగా గ్యాసు జోలికి వెళ్లడు. బయటపడే నీటి ధార చూస్తాడు. అది సన్నగా ఉంటే జల్లెడలో నాచు, తర్వాత గొట్టంలో గాలి, ఆపైన కండెన్సర్‌లో పేరుకున్న సున్నపు పొర వెతుకుతాడు. ఆ పొరను తేలికపాటి ఆమ్లంతో కడుగుతాడు. వరుస తప్పని ఈ ఓపిక ఎంతైనా మెచ్చదగినది. జల్లెడ విప్పేముందు వాల్వు మూయడం మాత్రం ఎవరూ మరవకూడదు, ఎందుకంటే జల్లెడ నీటిమట్టానికి కిందే ఉంటుంది.