చెట్టుకప్పకు ఆరే చోటు కూడా కావాలి

చెట్టుకప్పను పెంచాలనుకునేవారు గాజుపెట్టెతో పాటు ముందుగా కొనే వస్తువులు రెండు: తేమ కొలిచే మీటరు, నీళ్లు చిమ్మే స్ప్రే సీసా. అమ్మేవాళ్లు సాధారణంగా ఇచ్చే సలహా ఒకటే. పెట్టెలో తేమ తగ్గనివ్వకండి, రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు చిమ్మండి అంటారు. ఈ సలహా పుట్టింది చలిదేశాల్లో. అక్కడ నెలల తరబడి హీటర్లు వేసుకున్న ఇళ్లలో గాలి ఎండిపోతుంది కాబట్టి ఆ మాటకు అర్థముంది. దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి మైపాడులోనో ముత్తుకూరులోనో అమలుచేస్తే కప్ప బతకదు. నెల్లూరు తీరంలో చెట్టుకప్ప ఆరోగ్యం మొదట అది కూర్చునే నీటి శుభ్రత మీద, తర్వాత దాని పెట్టెను ఆరనిచ్చే గాలి మీద ఆధారపడి ఉంటుందని నా వాదన. మీటరు మీద కనిపించే అంకె మూడో స్థానానికి పోవాలి.

కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట అడుగున, తొడల దగ్గర ఉండే పలుచని చర్మాన్ని తడికి ఆనించి కూర్చుంటుంది, ఆ చర్మంలోంచే నీరు ఒంట్లోకి ఎక్కుతుంది. అందుకే గాలిలో ఎంత తేమ ఉన్నా అది కప్పకు తాగునీరు కాదు. తేమ చేసేది ఒక్కటే, ఒంట్లో ఉన్న నీరు త్వరగా ఆవిరైపోకుండా ఆపడం. పోయిన నీరు తిరిగి రావాలంటే నీళ్లున్న పళ్లెం కావాలి. అది నడుము మునిగేంత లోతుంటే చాలు. చెట్లెక్కే కప్పల్లో చాలావాటికి లోతు నీళ్లలో ఈత అంతగా రాదు. రోజూ మార్చే పళ్లెపు నీళ్లు ఉన్న కప్ప కాస్త పొడిగాలిని కూడా తట్టుకుంటుంది. పళ్లెం పాడై గాలి మాత్రం చెమ్మగా ఉన్న పెట్టెలో కప్పకు ఆ తేమ ఏమీ మేలు చేయదు.

మీటరు అంకెను మూడో స్థానానికి ఎందుకు నెట్టానంటే, ఆ అంకె వేడిని బట్టి అర్థం మార్చుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల ఆవిరిని పట్టగలదు. 40 డిగ్రీల దగ్గర సుమారు 51 గ్రాములు పడుతుంది. రెండు చోట్లా మీటరు 30 శాతం చూపిస్తుందనుకోండి. చల్లని గాలికి ఇంకా 12 గ్రాముల ఆవిరి కావాలి, వేడిగాలికి 36 గ్రాములు కావాలి. అంటే ఒకే అంకె దగ్గర కప్ప ఒంటిని పీల్చే శక్తి మూడింతలు. అలాగైతే వేసవిలో ఇంకా ఎక్కువ నీళ్లు చిమ్మాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, కానీ దానికి రెండో వైపు ఉంది. ఆవిరవుతూనే నీరు ఒంటిని చల్లబరుస్తుంది. 40 డిగ్రీల ఎండలో, 30 శాతం తేమలో, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 25, 26 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. 35 డిగ్రీల నీడలో, 90 శాతం తేమలో అదే థర్మామీటరు 33 దాటుతుంది. తడి చర్మమున్న కప్ప పరిస్థితి దీనికి దగ్గరగానే ఉంటుంది. నాలుగు పక్కలా గాజు మూసిన పెట్టెలో పదే పదే నీళ్లు చిమ్మితే, ఆ కప్పకు చల్లబడే దారి ఒక్కటే ఉంటే దాన్నీ మూసేసినట్టు. ఉక్కపోత అంటే ఏమిటో తీరంలో పుట్టినవారికి వేరే చెప్పాల్సిన పనిలేదు. మూతపెట్టిన పెట్టెలో మనం చేసేది ఆ ఉక్కపోతనే.

కప్ప వానకాలపు ప్రాణి, ఎంత తడిగా ఉంటే అంత సుఖం అనేది ఎక్కువమంది చెప్పే అభ్యంతరం. మన ఇళ్ల స్నానాల గదుల్లో, బావి గట్ల మీద, పెంకుల కింద కనిపించే చెట్టుకప్పనే సాక్ష్యం అడుగుదాం. శాస్త్రజ్ఞులు దాన్ని పాలిపెడేటిస్ మాక్యులేటస్ అంటారు. అది పొడిని తట్టుకోవడానికి ఎన్ని ఏర్పాట్లు చేసుకుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఈ కప్ప చర్మంలోంచి ఊరే కొవ్వుతో కూడిన స్రావాన్ని కాళ్లూ చేతులతో ఒళ్లంతా పులుముకుంటుందని, దానివల్ల ఆవిరయ్యే నీరు తగ్గుతుందని హార్వీ లిల్లీవైట్, ఆయన భారతీయ సహ పరిశోధకులు 1997లో ప్రచురించారు. పులుముకున్న తర్వాత కాళ్లు ఒంటి కిందికి ముడుచుకుని, గోడకు అతుక్కుని, గంటల తరబడి కదలదు. ఎండాకాలంలో పగలంతా అలా పాలిపోయి కూర్చున్న కప్పను చూసి జబ్బు చేసిందనుకుంటారు. అది తన నీటిని తాను కాపాడుకుంటోంది. దాని గుడ్ల సంగతీ అంతే. ఆడకప్ప నీటి మీదికి వంగిన కొమ్మకో తొట్టి అంచుకో నురగ గూడు కట్టి అందులో గుడ్లు పెడుతుంది. గూడు పైపొర ఆరి గట్టిపడుతుంది, లోపల మాత్రం చెమ్మ నిలుస్తుంది. తోకకప్పలు తర్వాత కింది నీళ్లలోకి జారిపడతాయి. ఎప్పుడూ తడిగా ఉండాల్సిన జీవి అయితే ఇన్ని ఏర్పాట్లతో దానికి పని ఉండేది కాదు.

పెంపుడు కప్పగా ప్రపంచమంతా ఎక్కువగా పెంచే ఆస్ట్రేలియా ఆకుపచ్చ చెట్టుకప్పదీ ఇదే కథ. డార్విన్ ప్రాంతంలో వానలు పడని కాలపు చల్లని రాత్రుల్లో ఈ కప్పలు వెచ్చని చెట్టుతొర్ర వదిలి బయటికి వచ్చి కూర్చుంటాయి. చలికి ఒళ్లు చల్లబడ్డాక మళ్లీ తొర్రలోకి పోతాయి. లోపలి వెచ్చని చెమ్మగాలి వాటి చల్లని చర్మం మీద మంచులా నీరై చేరుతుంది, ఆ నీటినే పీల్చుకుంటాయి. ఈ పరిశీలన 2011లో అచ్చయింది. నెలల తరబడి వాన లేని చోట ఒక కప్ప నీళ్లు సంపాదించుకునే తీరు ఇది. చల్లని పొడిచోటు ఒకటి, వెచ్చని చెమ్మచోటు ఒకటి ఉండటం వల్లే, వాటి మధ్య అటూ ఇటూ తిరగగలగడం వల్లే దానికి ఆ నీళ్లు దొరికాయి. పెట్టెలో మనం ఇవ్వాల్సింది కూడా అలాంటి తేడానే. ఒక మూల తడి, ఒక మూల పొడి, ఎటు పోవాలో కప్పకు తెలుసు. పెట్టెంతా ఒకే అంకె దగ్గర నిలపాలని చూడటం అంటే కప్ప చేతిలోని ఎంపికను మనం లాక్కోవడం.

నీటి సంగతికి వస్తే, నెల్లూరు తీరంలో దీన్ని కొత్తగా నేర్పాల్సిన అవసరమే లేదు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల్లో రొయ్యలు సాగుచేసే రైతుకు నీళ్లంటే పారదర్శకంగా కనిపించే ద్రవం కాదు. పీహెచ్, సాలినిటీ, అమ్మోనియా, ఆక్సిజన్ కలిస్తేనే అతని దృష్టిలో నీళ్లు. ఆ జ్ఞానమంతా కప్ప పళ్లేనికి సరిపోతుంది. అమ్మోనియానే తీసుకుందాం. కప్ప తను కూర్చునే పళ్లెంలోనే విసర్జిస్తుంది, అదే నీటిని అదే చర్మంతో పీల్చుకుంటుంది. పీహెచ్ 7 ఉన్న నీటిలో, 25 డిగ్రీల దగ్గర, మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది సుమారు అర శాతం. పీహెచ్ 8కి ఎక్కితే అది ఐదు శాతం దాటుతుంది. వేడి పెరిగినకొద్దీ ఇంకా పెరుగుతుంది. క్షారగుణం ఎక్కువున్న బోరు నీళ్లు పోసి, వేసవిలో రెండు రోజులు పళ్లెం మార్చకపోతే ఏమవుతుందో రొయ్యల రైతు వెంటనే చెప్పగలడు. ఉప్పు సంగతీ అంతే. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. కప్ప రక్తపు గాఢత అందులో ఇంచుమించు నాలుగో వంతు. పళ్లెంలో ఉప్పు ఆ స్థాయికి చేరేకొద్దీ కప్ప నీళ్లలో కూర్చునీ నీళ్లు పీల్చుకోలేదు. తీరం వెంబడి బోర్లు ఉప్పుబారిన ఊళ్లలో ఈ ఒక్క పరీక్ష చేయించకుండా కప్పను తేవడం తప్పు.

మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ సమస్య. తాగునీటి ప్రమాణాల ప్రకారం కొళాయిలో కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనకు మేలు చేసే ఆ క్లోరినే కప్ప చర్మానికి హాని. వెడల్పాటి పాత్రలో ఒక రోజంతా నిలవ ఉంచితే చాలావరకు పోతుంది. తొందరగా కావాలంటే రొయ్యల హేచరీలు క్లోరిన్ పోగొట్టడానికి వాడే సోడియం థయోసల్ఫేటే ఇక్కడా పనిచేస్తుంది, మోతాదు తెలిసినవారిని అడిగి వేయాలి. ఈ గొడవలన్నీ ఎందుకు, క్యాన్ నీళ్లు పోస్తే పోలా అనేవారున్నారు. క్యాన్‌లలో వచ్చే ఆర్‌ఓ నీటిలో లవణాలు చాలా తక్కువ. అలాంటి నీటిలో ఎక్కువసేపు కూర్చుంటే కప్ప ఒంట్లోని లవణాలు చర్మం గుండా బయటికి పోతాయి. పెట్టె గోడల మీద చిమ్మడానికి ఆ నీళ్లు మంచివే, గాజు మీద తెల్లటి మరకలు పడవు. పళ్లెంలోకి మాత్రం క్లోరిన్ పోయిన మామూలు మంచినీళ్లే మేలు.

ఇక గాలి. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరుల మధ్య పడుతుంది. ఆ మూడు నెలలూ స్ప్రే సీసాను అటక మీద పెట్టేయవచ్చు. ఆ రోజుల్లో చేయాల్సిన పనల్లా పెట్టె పైన జాలీ తెరిచి ఉంచడం, వీలైతే చిన్న ఫ్యాన్‌తో గాలి కదిలేట్టు చూడటం, కొబ్బరిపొట్టు మురగక ముందే మార్చడం. కప్పల తొడలు, పొట్ట ఎర్రబడి చచ్చిపోయే జబ్బుకు తరచు కారణమయ్యే ఏరోమోనాస్ బ్యాక్టీరియా మంచినీటి చేపల రైతులకూ పాత శత్రువే. మురికి తడి దానికి ఇష్టం. రోహిణి కార్తె నుంచి జులై దాకా పడమటి గాలి వీచి, సముద్రపు గాలి ఆలస్యమయ్యే రోజుల్లో మాత్రం సాయం చేయాలి. జాలీని సగం కప్పండి, సాయంత్రం పొద్దుగూకాక ఒకసారి చిమ్మండి, మధ్యాహ్నానికల్లా ఆకులు ఆరిపోనివ్వండి. తడిపిన మట్టి ముంత ఒకటి బోర్లించి, అంచు దగ్గర కప్ప దూరేంత సందు వదిలితే దానికి మించిన చెమ్మచోటు లేదు. ఎండలో స్ప్రే కొట్టడం కన్నా పెట్టెను చల్లటి గదిలోకి మార్చడం ముఖ్యం. ఏసీ గదిలో పెట్టేవారు ఏసీ గాలిలోని తేమను లాగేస్తుందని గుర్తుంచుకుని పళ్లెం పెద్దది పెట్టాలి.

స్నానాలగదిలో కప్ప సబ్బునీళ్ల మధ్య హాయిగా బతుకుతోంది కదా, ఇంత చాదస్తం ఎందుకు అని అడిగేవారికి నా జవాబు ఇది. ఆ కప్పకు తలుపు తెరిచే ఉంది. సబ్బునీళ్లు పడిన చోటు వదిలి తడిగోడకు పోతుంది, అక్కడ బాగోకపోతే తొట్టి వెనక్కి, రాత్రికి పెరట్లోకి పోతుంది. గాజుపెట్టెలోని కప్పకు మనం పోసిన నీళ్లు తప్ప వేరే దిక్కు లేదు. తప్పించుకునే వీలు తీసేసిన క్షణంలోనే ఆ నీళ్ల బాధ్యత మొత్తం మన మీద పడుతుంది. అందువల్లే మన చెట్టుకప్పను పెరట్లోంచి పట్టి పెట్టెలో పెట్టడాన్ని నేను ఏమాత్రం సమర్థించను. విదేశీ కప్పలను కొనేవారు కూడా చట్టం తెలుసుకుని కొనాలి. వన్యప్రాణుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందపు జాబితాలో ఉన్న ఎర్రకళ్ల చెట్టుకప్ప లాంటి జాతులను 2024లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

పారబోసే నీళ్ల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దాని నష్టం మన పెట్టెతో ఆగదు. 1994, 95ల్లో తెల్లమచ్చల వైరస్ ఈ తీరపు టైగర్ రొయ్యను ఎలా తుడిచిపెట్టిందో పాత రైతులందరికీ తెలుసు. ఒక గుంట వదిలిన నీళ్లు కాలువలో కలిసి మరో గుంటకు తోడుకునే నీళ్లయ్యాయి. ఆ దెబ్బ తర్వాతే నీటిని క్లోరిన్‌తో శుద్ధిచేయడం, జబ్బు లేని సీడ్ వెతకడం అలవాటైంది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక తల్లిరొయ్యలను చెన్నై దగ్గర నీలాంకరైలో క్వారంటైన్‌లో పెట్టి గాని హేచరీలకు పంపడం లేదు. కప్పల్లో దానికి సమానమైన ముప్పు చర్మం మీద పెరిగే కైట్రిడ్ శిలీంధ్రం. దీనివల్ల ప్రపంచంలో కనీసం 501 ఉభయచర జాతులు తగ్గిపోయాయని, వాటిలో 90 అంతరించి ఉంటాయని 2019లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ఖండాలు దాటి కప్పల వ్యాపారం దాన్ని మోసుకొచ్చింది. 17 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా పెరిగే ఈ శిలీంధ్రానికి మన ఎండలు గిట్టవన్నది నిజమే. కానీ ఏసీ గదిలో పెట్టిన పెట్టె దానికి సరిగ్గా సరిపోయే చోటు. తడి ఆరితే అది చస్తుంది, పెట్టెను ఆరనివ్వాలనడానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి కొత్తగా తెచ్చిన కప్పను కనీసం నెల రోజులు వేరే గదిలో, వేరే పళ్లెంతో ఉంచండి. పళ్లెంలోని పాత నీళ్లలో బ్లీచింగ్ కలిపి ఒక పూట ఉంచాక, ఎండ పడే పొడినేల మీద పోయండి. సర్వేపల్లి కాలువలోకో, జాఫర్ సాహెబ్ కాలువలోకో, పక్కనున్న వరిమడిలోకో మాత్రం పోయకండి. కప్పను పెంచలేననిపిస్తే తిరిగి ఇచ్చేయండి, మరొకరికి అప్పగించండి, ఊరి చెరువులో మాత్రం వదలకండి.